తీసినను మొలుచు గూఢచారి

తుంగ అను కలుపును ఎరుగని రైతు లేడు. పైకి కనబడు ఆకును ఎన్నిసార్లు కోసివేసినను కొద్ది దినములలో అది అదే చోట మరల మొలుచును. ఏలనగా తుంగకు ప్రాణము ఆకులో లేదు. భూమిలో గొలుసువలె ఒకదానితో నొకటి కలిసియున్న చిన్న గడ్డలలో ఉన్నది. ఒక్క గడ్డ మిగిలినను చాలును, మడి అంతయు మరల కలుపెక్కును. ఇంటి కంప్యూటరులో జొరబడి, అందు జరుగు పనులను పొంచి చూచి, ఆ వివరములను ఎక్కడనో ఉన్న పరులకు చేరవేయు ప్రోగ్రాములు కొన్ని కలవు. వీనిని స్పైవేర్ అందురు. తెలుగున గూఢచారి ప్రోగ్రాములు అనవచ్చును. వీనిలో మొండివాని స్వభావము సరిగా తుంగ స్వభావమే. కంటికి కనబడు భాగమును తొలగించినంత మాత్రమున అవి పోవు. గడ్డ ఎక్కడ ఉన్నదో తెలిసినవానికే వానిని పెకలించుట సాధ్యమగును.

ఒక ఉదాహరణము తీసికొందము. సిద్దిపేట జిల్లా తొగుట మండలములోని వేములఘాట్ గ్రామము నేడు మల్లన్నసాగర్ జలాశయము క్రింద ఉన్నది. కాళేశ్వరం పథకములో భాగమైన ఈ జలాశయము 50 టి.ఎం.సి.ల నీటిని నిలుపుటకు ఉద్దేశింపబడినది. భూసేకరణను ఎదిరించి 2016 నుండి దీర్ఘకాలము దీక్షలు సాగించిన ఆ గ్రామస్థులు 2021లో ఊరు విడిచి గజ్వేల్ సమీపమున కట్టిన పునరావాస కాలనీకి తరలిపోవలసివచ్చినది. 2022 ఫిబ్రవరి 23న జలాశయము ప్రారంభింపబడినది. అట్లు తరలిన ఒక రైతు కుటుంబమును ఊహించుకొందము. డిగ్రీ చదువుచున్న కూతురు కొరకు తండ్రి ఒక పాత కంప్యూటరును కొనిపెట్టినాడు. బ్యాంకులో వేసిన పరిహారపు సొమ్ము లెక్కను ఆ కంప్యూటరులోనే చూచుకొందురు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్ కార్డు మొదలగువాని నకళ్ళు అందే ఉన్నవి. వీనికంటె విలువైనవి మరికొన్ని కలవు: ఊరు మునుగకముందు తీసిన ఫోటోలు. ఇల్లు, పశువుల కొట్టము, బడి, చెరువుకట్ట. పాసుపుస్తకపు నకలు పోయినచో మరియొకటి తీయవచ్చును. ఆ ఫోటోలను మరల తీయుటకు ఊరు లేదు.

ఒకనాడు కూతురు కాలేజీ పనికై ఫోటోలను పి.డి.ఎఫ్.గా మార్చు ఉచిత ప్రోగ్రామును ఇంటర్నెట్టునుండి దింపుకొన్నది. మరునాటికి బ్రౌజరు తెరవగానే ఎన్నడును చూడని పుట వచ్చుచున్నది. ఏది వెదకినను ప్రకటనలు అడ్డము పడుచున్నవి. ఆమె ఆ ప్రోగ్రామును తొలగించినది. తెల్లవారునప్పటికి అన్నియు యథాస్థానమున ఉన్నవి. “తీసేసినవు గద బిడ్డా, మళ్ల ఎట్ల వచ్చె?” అని తండ్రి అడుగును. “తీసేసిన బాపూ, రెండుసార్లు తీసిన. పొద్దున చూస్తె మళ్ల ఉన్నది” అని కూతురు చెప్పును.

తండ్రి అడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. యంత్రము దానంతట అది ఏమియు చేయదు. తొలగించిన ప్రోగ్రాము తిరిగి వచ్చినదన్నచో దానిని తిరిగి పెట్టినది మరియొకటి లోపల ఉన్నదన్నమాట.

కంప్యూటరును ఆపి మరల వెలిగించినప్పుడు దానిలో నడచుచుండిన ప్రోగ్రాములన్నియు ఆగిపోవును. ఏ గూఢచారియైనను ఈ చిన్న మరణమును తప్పించుకొనలేదు. కావున మరల లేచుటకు అది ముందుగానే ఏర్పాటు చేసికొనును. విండోస్ అను నిర్వహణ వ్యవస్థలో ఇట్టి ఏర్పాటులకు అనువైన చోట్లు అనేకము కలవు. అవన్నియు మంచి పనులకొరకు పెట్టినవే. వెలిగించగానే ఏ ప్రోగ్రాములు మొదలు కావలెనో వ్రాసియుంచు జాబితాలు రిజిస్ట్రీ అను పెద్ద చిట్టాలో ఉండును. తెరవెనుక ఎల్లప్పుడును నడచు సేవలు కలవు. ఫలానా గంటకు ఫలానా పని చేయుమని చెప్పియుంచు కాలక్రమపు పట్టిక కలదు. సరిగా ఈ పట్టికలోనే చాలమంది వెదకరు. గంటకొకమారు “ఆ ఫైలు ఉన్నదా? లేనిచో ఇంటర్నెట్టునుండి మరల దింపుము” అను ఒక్క పంక్తి అందు వ్రాసిపెట్టినచో పై ఆకును ఎన్నిసార్లు కోసినను లాభము లేదు. ఇవిగాక బ్రౌజరుకు తగిలించు పొడిగింపులు కలవు. తెరమీది బ్రౌజరు గుర్తునే మార్చి, దానిని నొక్కినప్పుడెల్ల తన పుట తెరచునట్లు చేయునవియు కలవు.

మరికొన్ని జంటగా ఉండును. రెండు ప్రోగ్రాములు ఒకదానిని మరియొకటి కనిపెట్టుకొనియుండి, ఒకటి ఆగినదని తెలియగానే రెండవది దానిని లేపును. నడచుచున్న ప్రోగ్రాము ఫైలును చెరిపివేయుటకు విండోస్ సాధారణముగా అంగీకరింపదు. కావున ఒకదానిని ఆపి చెరుపబోవులోపల రెండవది దానిని బ్రతికించును. చెరుపువాడు మరల మొదటికి వచ్చును. పేరులలోను మోసము కలదు. విండోస్‌కు చెందిన ఎస్‌వీసీహోస్ట్ అను నిజమైన ప్రోగ్రాము వలెనే, మధ్యనున్న ఓ అను అక్షరమునకు బదులు సున్న పెట్టి, తన పేరు వ్రాసికొనునవి కలవు. అందుచేత పేరు చూచి నమ్మరాదు. ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నదో చూడవలెను.

అన్నిటికంటె కుటిలమైనది రూట్‌కిట్ అనునది. దీనిని అర్థము చేసికొనుటకు పూర్వపు పట్వారిని తలచుకొనిన చాలును. ఒకని భూమి ఎంత, ఎవరి సాగులో ఉన్నది అను సంగతి తెలియవలెనన్న పట్వారి దగ్గరకు పోయి పహాణీ చూడవలసియుండెను. ఆ పట్వారియే ఆక్రమించినవానితో కుమ్మక్కైనచో పహాణీలో ఆ ఆక్రమణ కనబడదు. ఎన్నిసార్లు నకలు తీసినను కనబడదు. కంప్యూటరులో ఏ ఫైళ్ళు ఉన్నవి, ఏ ప్రోగ్రాములు నడచుచున్నవి అని ఎవరు అడిగినను, ఆ అడిగినది వైరసు నిరోధక ప్రోగ్రామే అయినను, సమాధానము చెప్పునది నిర్వహణ వ్యవస్థ. రూట్‌కిట్ ఆ సమాధానము వచ్చు త్రోవలోనే కూర్చుండి తన పేరును కొట్టివేయును. అప్పుడు “మీ కంప్యూటరు నిర్దోషముగా ఉన్నది” అను మాట తెరమీద కనబడును. ఆ మాట చెప్పిన ప్రోగ్రాము అబద్ధమాడలేదు, దానికి అందిన లెక్కయే అబద్ధము.

ఇది కల్పన కాదు. 2005 అక్టోబరు 31న మార్క్ రస్సినోవిచ్ అను అమెరికను నిపుణుడు తన కంప్యూటరులోనే ఇట్టి రూట్‌కిట్ ఉన్నదని ప్రకటించెను. అది సోనీ బి.ఎం.జి. సంస్థ అమ్మిన పాటల సి.డి.తో వచ్చినది. నకళ్ళు తీయుటను అరికట్టుటకై పెట్టిన ఆ ప్రోగ్రాము, ఒకానొక గుర్తుతో మొదలగు పేరుగల ఫైళ్ళన్నిటిని దాచివేయుచుండెను. రస్సినోవిచ్ దానిని చేతితో పెకలించినప్పుడు మరియొక వింత జరిగినది: కంప్యూటరులోని సి.డి. డ్రైవు కనబడకుండ పోయినది. ఏలనగా ఆ ప్రోగ్రాము సి.డి. డ్రైవునకును విండోస్‌కును నడుమ తానొక కొక్కెమువలె తగులుకొనియుండెను. కొక్కెము తీయగానే గొలుసు తెగినది. అంతటి నిపుణునకే ఇట్లయినప్పుడు, ఎక్కడనో చదివి రిజిస్ట్రీలో తోచిన పంక్తినెల్ల చెరుపుట ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును. అంతకుముందు 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అను మొండి ప్రోగ్రాము బ్రౌజరులను పట్టి పీడించినప్పుడు హాలెండు దేశపు విద్యార్థి మెరైన్ బెల్లెకోమ్ దానిని తొలగించుటకై ప్రత్యేకముగా ఒక ప్రోగ్రామును వ్రాయవలసివచ్చినది. ఆనాటి గూఢచారులు ఎక్కువగా ప్రకటనల కొరకు పనిచేయునవి. నేటివి సొమ్ము కొరకు పనిచేయును.

ఈ భేదమును గుర్తింపవలెను. ప్రకటనలు చూపునది గోల చేయును గనుక దొరకిపోవును. దొంగ గోల చేయడు. నొక్కిన ప్రతి మీటను వ్రాసికొనుట, తెరను ఫోటో తీయుట, బ్రౌజరులో దాచుకొన్న రహస్యపదములను ఎత్తుకొనిపోవుట వాని పని. ఒకమారు లోనికి ప్రవేశించినవారిని గుర్తుంచుకొనుటకై వెబ్‌సైట్లు బ్రౌజరులో ఉంచు కుకీ అను చీటీని అపహరించినచో, రహస్యపదముతో పని లేకుండగనే లోనికి పోవచ్చును. లుమ్మా అను ఇట్టి దొంగ ప్రోగ్రాము 2025 మార్చి 16 నుండి మే 16 వరకు గల రెండు నెలలలోనే ప్రపంచమున 3,94,000కు పైగా విండోస్ కంప్యూటరులలో కనబడినదని మైక్రోసాఫ్టు సంస్థ తెలిపినది. ఇట్టివానిలో కొన్ని ఒక్క నిమిషములో దొరికినదంతయు పంపి తమను తామే చెరిపివేసికొనును. గోల చేయు ప్రకటనల ప్రోగ్రాము వెంట గోల చేయని దొంగయు వచ్చియుండుట అరుదు కాదు.

కావున మన ఉదాహరణములోని కుటుంబము చేయవలసిన మొదటి పని కంప్యూటరును బాగుచేయుట కాదు. మొదట దానిని ఇంటర్నెట్టునుండి విడదీయవలెను: తీగ ఉన్నచో ఊడదీయుట, వైఫై ఉన్నచో ఆపుట. ఇక మీదట లోపలినుండి ఏమియు బయటికి పోదు, బయటినుండి కొత్త గడ్డలును రావు. పిమ్మట దోషములేని వేరొక కంప్యూటరునుండియో ఫోనునుండియో రహస్యపదములను మార్చవలెను. ముందుగా ఈ-మెయిలు పదము, తరువాత బ్యాంకు పదము. ఈ క్రమమునకు కారణము కలదు: తక్కిన ఖాతాలలో అనేకముల రహస్యపదములను ఈ-మెయిలు ద్వారా మార్చుకొనవచ్చును గనుక ఈ-మెయిలు చిక్కినవానికి అవియు చిక్కును. పదము మార్చుటతోపాటు “అన్ని యంత్రములనుండి నిష్క్రమించు” అను ఏర్పాటును కూడ వాడవలెను. లేనిచో దొంగిలింపబడిన కుకీ కొన్నిచోట్ల ఇంకను చెల్లుచుండును. ఇదంతయు పాడైన కంప్యూటరుమీదనే చేసినచో కొత్త తాళపుచెవిని దొంగ చేతికి ఇచ్చినట్లే. సొమ్ము పోయినదని తెలిసినచో ఆలస్యము చేయక బ్యాంకునకును, 1930 అను సైబరు నేరముల ఫోను నెంబరునకును తెలుపవలెను. పోయిన డబ్బు కొద్ది గంటలలోనే అనేక ఖాతాలు దాటును. దాటకముందు తెలిసినచో నిలుపు అవకాశము కలదు.

ఇప్పుడు ఫోటోల సంగతి. కంప్యూటరును మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయినచో చాలచోట్ల మొదట వినవచ్చు మాట “ఫార్మాట్ కొడదాం” అని. అనగా డిస్కులోని సర్వమును తుడిచి విండోస్‌ను క్రొత్తగా పెట్టుట. ఈ సలహా తప్పు కాదు. మొండి గూఢచారికి ఇంతకంటె నమ్మకమైన మందు లేదు. కాని “ఇందులో మరల దొరకనివి ఏమైనను ఉన్నవా?” అని అడుగకయే తుడిచివేయుట మాత్రము తప్పు. మునిగిపోయిన ఊరి ఫోటోలు ఆ డిస్కుమీదనే ఉన్నవి.

వానిని బయటికి తీయుటకు మంచి మార్గము కంప్యూటరును దాని సొంత విండోస్‌తో లేపకుండుట. దోషములేని మరియొక కంప్యూటరుపై ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థను పెన్‌డ్రైవులో ఎక్కించి, దానితో పాడైన కంప్యూటరును వెలిగించవచ్చును. అప్పుడు డిస్కుమీది విండోస్ నిద్రలోనే ఉండును. దానితోపాటు గూఢచారియు నిద్రించును. పట్వారిని అడుగక స్వయముగా గొలుసు పట్టి పొలము కొలిచినట్లు, డిస్కులో ఉన్నవన్నియు ఉన్నట్లే కనబడును. పెన్‌డ్రైవు పురుగులు దాచివేసిన ఫోల్డరులును కనబడును. అందుండి ఫోటోలు, పత్రములు మాత్రమే వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను, ప్రోగ్రాములను తీసికొనరాదు. ఫోటో పేరు చివర జె.పి.జి. అని ఉన్నను దాని తరువాత ఈ.ఎక్స్.ఈ. అని ఉన్నచో అది ఫోటో కాదు, వేషము వేసికొన్న ప్రోగ్రాము. విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరములను చూపదు; చూపునట్లు మార్చుకొనుట మేలు. డిస్కు బిట్‌లాకరు అను తాళముతో బంధింపబడియున్నచో 48 అంకెల సంకేతమును ముందుగా సిద్ధము చేసికొనవలెను. అది లేనిదే ఫోటోలు దొంగకేగాదు, యజమానికిని అందవు.

నకలు భద్రమైన పిదప పెకలించు పని మొదలు పెట్టవచ్చును. షిఫ్ట్ మీటను నొక్కిపట్టి రీస్టార్ట్‌ను ఎన్నుకొని, తరువాత వచ్చు పట్టికలలో స్టార్టప్ సెట్టింగ్స్ వరకు పోయి, నాలుగవ అంకెను నొక్కినచో విండోస్ సేఫ్ మోడ్‌లో లేచును. ఈ స్థితిలో అత్యవసరమైనవి తప్ప తక్కిన ప్రోగ్రాములు లేవవు గనుక జంట కాపలాదారులలో చాలభాగము నిద్రించును. అనుమానింపదగిన ప్రోగ్రామును, బ్రౌజరు పొడిగింపులను ఇక్కడ తొలగింపవలెను. తరువాత గడ్డల వెదకులాట. దీనికి ఆటోరన్స్ అను ఉచిత సాధనము మిక్కిలి ఉపయోగకరము. దీనిని నిర్మించినవారిలో ఒకడు పైన చెప్పిన రస్సినోవిచ్. ఆయన సంస్థను 2006లో మైక్రోసాఫ్టు కొనివేసినది. రిజిస్ట్రీ, సేవలు, కాలక్రమపు పట్టిక మొదలగు చోట్లన్నిటిలో స్వయముగా మేల్కొనునట్టివానిని ఇది ఒక్క జాబితాగా చూపును. మైక్రోసాఫ్టువి దాచి, మిగిలినవానిని పరిశీలింపవలెను. అనుమానమున్న పంక్తిని చెరుపరాదు; దాని ముందరి టిక్కును మాత్రము తీసివేయవలెను. పొరపాటు జరిగినచో టిక్కును తిరిగి పెట్టుకొనవచ్చును. సోనీ కథలోని సి.డి. డ్రైవును మరువరాదు.

దాగియున్నవానికొరకు మైక్రోసాఫ్టు డిఫెండరులోనే ఆఫ్‌లైన్ స్కాన్ అను ఏర్పాటు కలదు. దానిని ఎన్నుకొనినచో కంప్యూటరు ఆగి, విండోస్ పూర్తిగా లేవకముందే వేరొక చిన్న వ్యవస్థతో వెలిగి, సుమారు 15 నిమిషములు డిస్కును వెదకును. ఒకే కంప్యూటరులో ఎల్లప్పుడును కావలి కాయు నిరోధక ప్రోగ్రాములు రెండుంచుట మంచిది కాదు, అవి ఒకదానితో నొకటి తగవులాడును. అప్పుడప్పుడు పిలిచి వెదకించు రెండవదానిని ఉంచుకొనుటలో దోషము లేదు. అయితే “మీ కంప్యూటరులో 37 వైరసులు ఉన్నవి, వెంటనే ఈ నెంబరునకు ఫోను చేయుడు” అని తెరమీద ఉరుము పుట గూఢచారి బంధువే. అది చూపు వైద్యుని నమ్మరాదు.

ఆకు, గడ్డ పోయినను కొన్ని మార్పులు మిగిలియుండవచ్చును. హోస్ట్స్ అను చిన్న ఫైలులో ఏ పేరు ఏ చిరునామాకు చెందునో వ్రాయవచ్చును. గూఢచారి అందు బ్యాంకు పేరునకు ఎదుట తన చిరునామాను వ్రాసిపెట్టినచో, సరియైన పేరు టైపు చేసినవాడు కూడ తప్పుడు చోటికి పోవును. ప్రాక్సీ, డి.ఎన్.ఎస్. అమరికలను, ఇంటిలోని రౌటరు రహస్యపదమును కూడ చూచుకొనవలెను.

ఇంత చేసినను మరల మొలిచినచో, లేక బ్యాంకు వ్యవహారము నడచు యంత్రముమీద ఏ కొంచెము అనుమానము మిగిలినను, వాదింపక తుడిచివేయుటే యుక్తము. విండోస్‌ను పెట్టు పెన్‌డ్రైవును దోషములేని కంప్యూటరుపై తయారుచేసి, పాత డిస్కు భాగములనన్నిటిని తొలగించి క్రొత్తగా పెట్టవలెను. డిస్కును తుడిచినను చావని జాతి లేకపోలేదు. లోజాక్స్ అను దానిని 2018లో ఈసెట్ సంస్థ కనుగొన్నది. అది డిస్కులో గాక మదర్‌బోర్డుమీది చిప్పులో నివసించును. అయితే అది ప్రభుత్వ కార్యాలయములవంటి గురిమీద ప్రయోగింపబడినది. గృహస్థులు దానికై నిద్ర మానుకొననక్కరలేదు.

చిత్రమేమనగా తుడిచి క్రొత్తగా పెట్టిన కంప్యూటరులో కూడ పాత గూఢచారి కొన్నిమార్లు కనబడును. అప్పుడు జనులు దానికి లేని మహిమలు కట్టబెట్టుదురు. కారణము సామాన్యము: బ్రౌజరు. ఖాతాతో బ్రౌజరులో ప్రవేశించినప్పుడు అది పాత గుర్తులను, పొడిగింపులను ఇంటర్నెట్టులోని నకలునుండి తిరిగి తెచ్చుకొనును. దోషమున్న పొడిగింపు ఆ నకలులో ఉన్నచో అదియు తిరిగి వచ్చును. ఖాతాలోని సింక్ ఏర్పాటును ముందుగా ఆపి, ఆ పొడిగింపును అందు తొలగించిన తరువాతనే ప్రవేశించవలెను. రెండవ కారణము పెన్‌డ్రైవు. జిరాక్సు దుకాణములలో పది కంప్యూటరులకు తగిలిన పెన్‌డ్రైవు పది ఊళ్ళ నీళ్ళు త్రాగినట్టిది. పెన్‌డ్రైవు పెట్టగానే అందలి ప్రోగ్రాము దానంతట అది నడచు పద్ధతిని మైక్రోసాఫ్టు 2011లో పాత విండోస్‌లలోను ఆపివేసినది. అప్పటినుండి పురుగులు నిజమైన ఫోల్డరును దాచి, దాని రూపుతోనే ఒక షార్ట్‌కట్‌ను పెట్టి, మనుష్యుని చేతనే నొక్కించుకొనుట నేర్చినవి.

ఈ విషయమున హైదరాబాదులో కొంత పని జరిగినది. పెన్‌డ్రైవులను అదుపులో ఉంచు యు.ఎస్.బి. ప్రతిరోధ్, అనుమతించిన ప్రోగ్రాములను మాత్రమే నడువనిచ్చు యాప్‌సంవిద్ అనువానిని సి-డాక్ సంస్థవారి హైదరాబాదు కేంద్రము రూపొందించినది. 2017 ఫిబ్రవరి 21న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సైబరు స్వచ్ఛతా కేంద్రము ద్వారా ఇవి ప్రజలకు ఉచితముగా అందింపబడినవి. యాప్‌సంవిద్ వెనుకనున్న ఆలోచన గమనింపదగినది. దొంగల జాబితా వ్రాసి వారిని ఆపుటకంటె, ఇంటివారి జాబితా వ్రాసి తక్కినవారినందరిని ఆపుట సులభము. దొంగలు దినదినము పేరు మార్చుదురు, ఇంటివారు మార్చరు. దీనిలోని అసౌకర్యము కూడ అక్కడనే ఉన్నది: క్రొత్త ప్రోగ్రాము కావలసినప్పుడెల్ల అనుమతి వ్రాయవలెను. అదే పనిని కొంతమేరకు విండోస్‌లోనే చేసికొనవచ్చును. ఇంటివారి నిత్యోపయోగమునకు అధికారములేని సామాన్య ఖాతాను పెట్టి, అధికారిక ఖాతా రహస్యపదమును ప్రోగ్రాములు పెట్టునప్పుడు మాత్రమే వాడినచో, దిగు గూఢచారులలో చాలవానికి లోతున గడ్డ నాటుటకు నేల దొరకదు.

కొనిపెట్టినది పాత కంప్యూటరు గనుక మరియొక సంగతి చూడవలసియున్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. అందుచేత తుడిచిన డిస్కుమీద అదే విండోస్ 10ని తిరిగి పెట్టుకొనుట అంత మంచిది కాదు. యంత్రము విండోస్ 11కు పనికివచ్చునేమో చూడవలెను. పనికిరానిచో ఫోటోలను బయటికి తీసిన ఆ లినక్స్ పెన్‌డ్రైవే మరల పనికివచ్చును. దానినుండియే లినక్స్‌ను డిస్కుమీద శాశ్వతముగా పెట్టుకొనవచ్చును. కూతురి చదువునకు, బ్యాంకు లెక్కకు అది చాలును. ఫోటోలను మాత్రము ఆ ఒక్క డిస్కుమీదనే గాక, పని ముగియగానే ఊడదీసి బీరువాలో పెట్టు రెండవ డిస్కుమీదను ఉంచవలెను.